యాదన్న ఇంట్లో కొండెక్కిన బొమ్మ

నిన్న పొద్దున నారాయణగూడ ఫ్లైఓవర్ దిగుతున్నాను. సుజాతక్క ఫోన్.

"తమ్మీ, కొండెక్కింది. జర రా."

నాకు నవ్వొచ్చింది. బండి పక్కకు ఆపి, "మళ్ల ఏ వైరు మార్చిండక్కా?" అని అడిగాను.



"టీవీ కాదు తమ్మీ. మీ అన్న."

యాదన్న లేడు.

ఇది టైప్ చేస్తున్నా ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

ఆయన తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. సుజాతక్క ఆయన భార్య. అశోక్‌నగర్‌లో కాంపిటీటివ్ ఎగ్జామ్స్‌కి చదివే రోజుల్లో నేను వాళ్ల పైవాటాలో కిరాయికి ఉండేవాణ్ని. యాదన్నకు నారాయణగూడలో ఫొటో స్టూడియో ఉండేది. అది మూసేశాక చేతులు ఊరుకోక ఇంట్లో వెనక గదిని హోమ్ థియేటర్ చేశాడు. పెద్ద టీవీ, ఆంప్లిఫయర్, మూలమూలనా స్పీకర్లు, ఎక్కడ అడుగేసినా వైర్లు.

నాకు జాబ్ వచ్చి చిక్కడపల్లికి మారినా, మా ఇంట్లో టీవీ నల్లబడితే ముందు ఫోన్ ఆయనకే.

"తెర కాడి నుంచి ఎనకకు పోవాలె" అనేవాడు. ముందు టీవీలో ఏ ఇన్‌పుట్ పెట్టామో చూడాలి. తరువాత వైరు పీకి మళ్లీ పెట్టాలి. అప్పటికీ రాకపోతే అన్నీ ఆఫ్ చేసి, టీవీతో మొదలుపెట్టి ఒక్కొక్కటే ఆన్ చేసుకుంటూ రావాలి. సౌండ్ వచ్చి బొమ్మ రాలేదంటే, "టీవీ, సెట్‌టాప్ బాక్స్ రెండు షేక్‌హ్యాండ్ ఇచ్చుకోలే, గంతే" అని తీర్పు చెప్పేవాడు.

ఒకసారి మంచి మ్యాచ్ మధ్యలో బొమ్మ మాయమైంది. "పోయిందన్నా" అన్నాను. ఆయనకు నిజంగానే కోపం వచ్చింది.

"పోయింది అనకు. దీపం ఆరితే పోయింది అంటమా? కొండెక్కింది అంటం. బొమ్మ గూడ గంతే. ఎక్కింది దిగొస్తది."

అప్పటి నుంచి ఆ ఇంట్లో బొమ్మ ఎప్పుడూ పోలేదు. కొండెక్కేది, దిగొచ్చేది. అక్కకు కూడా అదే మాట అలవాటైంది.

నిన్న నేను వెళ్లేసరికి అన్నను హాల్లో పడుకోబెట్టారు. తల దగ్గర దీపం. చుట్టాలు, పక్క హాస్టల్ కుర్రాళ్లు, అందరూ ఉన్నారు.

అక్క లేదు.

థియేటర్ గదిలో ఉంది. అన్న కుర్చీ పక్కన, నేల మీద. ఆ కుర్చీలోనే ఆయన గుండె ఆగిందట. అక్క ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు, మంచినీళ్లు కూడా ముట్టలేదు.

టీవీ నల్లగా ఉంది. నేను చూస్తుండగానే దానంతట అదే వెలిగింది. నీలం తెర. అన్న మెనూ అంతా తెలుగులో పెట్టుకున్నాడు కాబట్టి "సిగ్నల్ లేదు" అని తెలుగులోనే కనిపించింది.

కాసేపటికి మళ్లీ నల్లబడింది.

"పొద్దుగాల సంది గిట్లనే ఉంది. రిమోట్ ఎవ్వరు ముట్టలే. మీ అన్ననే తమ్మీ. బంద్ చెయ్యకు. బొమ్మ పడేదాక నేను లేవ."

 టీవీ కంటే అక్కను చూస్తే నాకు ఎక్కువ భయమేసింది. ఇట్లాగే వదిలేస్తే ఈ మనిషి ఈ గదిలోంచి ఇక బయటికి రాదనిపించింది. కనీసం అన్నను సాగనంపే వేళకైనా ఆమె లేవాలి.

అందుకే ఆయన చెప్పినట్టే తెర నుంచి వెనక్కి వెళ్లాను.

ఇన్‌పుట్ సరిగ్గానే ఉంది. బాక్స్ ఆఫ్‌లో ఉంది. ఆంప్లిఫయర్ వెనక నుంచి మాత్రం రెండు వైర్లు బయటికి పోతున్నాయి. ఒకటి ఈ టీవీకి. రెండోది గోడలోంచి వంటింట్లోకి.

అప్పుడు గుర్తొచ్చింది. అక్క చాయ్ పెట్టడానికి లేచినప్పుడల్లా సినిమా మిస్ అవుతోందని, వంటింట్లో ఒక చిన్న టీవీ బిగించి ఇక్కడి నుంచే లైన్ లాగాడు.

శవం ఉన్న ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు కదా. వచ్చినవాళ్లకు చాయ్ కోసం చుట్టాలు కరెంటు కెటిల్ పెట్టుకున్నారు. అదీ, చిన్న టీవీ ఒకే స్విచ్ మీద ఉన్నాయి. కెటిల్ వేసినప్పుడల్లా చిన్న టీవీ లేస్తోంది. ఆ రెండో వైరు మీదుగా అది ఆంప్లిఫయర్‌ని లేపుతోంది, ఆంప్లిఫయర్ పెద్ద టీవీని లేపుతోంది.

వంటింట్లోకి వెళ్లి స్విచ్ నొక్కాను. గదిలో తెర వెలిగింది.

"చాయ్ పెడుతుండ్రక్కా" అన్నాను. "గంతే."

అక్క ఆ గోడ వైపు చాలాసేపు చూసింది. అప్పుడు ఏడ్చింది. ఏడ్చి, నా చెయ్యి పట్టుకుని లేచి హాల్లోకి వచ్చింది. నా ప్రాణం కుదుటపడింది.

వంటింటి వైరు పీకి, గోడలోంచి లాగి, చుట్టి జేబులో వేసుకున్నాను. అక్కడే వదిలేస్తే ఎవరో ఒకరు మళ్లీ పెట్టేస్తారని.

సాయంత్రం అన్నీ ముగించుకుని, దీపం చూసి వెళ్దామని అందరం తిరిగి ఆ ఇంటికే వచ్చాం. హాల్లో ఒక పెద్దావిడ అంటోంది, "దీపం కొండెక్కింది, జర నూనె పొయ్యుండ్రి" అని.

వంటింట్లో ఎవరూ లేరు. కెటిల్ కడిగి బోర్లించి ఉంది.

థియేటర్ గది తలుపు సందులోంచి నీలం వెలుతురు.

అక్క మళ్లీ అదే చోట, నేల మీద కూర్చుని ఉంది. టీవీ వెలుగుతోంది. తెర మీద ఈసారి "సిగ్నల్ లేదు" అన్న మాట లేదు. వట్టి నీలం.

"దిగొచ్చిండు తమ్మీ" అంది, తల తిప్పకుండా.

జేబులో చెయ్యి పెట్టి చూసుకున్నాను. వైరు ఉంది.

కామెంట్లలో స్టాండ్‌బై అనీ, వోల్టేజ్ అనీ రాయకండి, ప్లీజ్. అవన్నీ నాకు నేర్పింది ఆయనే.

అన్నా, అక్కను ఆ గదిలోంచి రెండోసారి లేపడం నావల్ల కాలేదు. వచ్చింది నువ్వే అయితే, ఇంత అన్నం తినమని నువ్వే ఒక మాట చెప్పు.

చెప్పి వెళ్లు. ఆ తర్వాత ఆ కొండ మీదే చల్లగా ఉండు, యాదన్నా.