బీరువాలో చల్లటి చుట్టలు

మా ఆయనకు పాలక్కోడు ఊర్లో ఉండే స్నేహితుడొకాయన పెట్టెడు ఫారిన్ చుట్టలు ఇచ్చినాడు. చల్లని చోట దాచితే ఏండ్లు గడిచేకొద్దీ రుచి పెరుగుతుందని చెప్పినాడంట. ఈయన పెట్టెను బీరువాలో పెట్టి, చల్లదనం చూసేదానికి పక్కనే మా ఇంట్లో జ్వరం చూసుకునే థర్మామీటర్ పెట్టినాడు. దినమూ బటన్ నొక్కితే ఇంగ్లీషులో ‘లో’, అంటే తక్కువ, అని వచ్చేది. ఈయనకు ఒకటే సంబరం.

అది మనిషి జ్వరానికి చేసింది. ఒంటి వేడికన్నా బాగా తక్కువుంటే చాలు, బీరువా ఉక్కగా ఉన్నా ‘లో’ అనే చూపిస్తుంది. ఆ మాట చెప్దామనుకున్న దినమే నాకు జ్వరమొచ్చింది. థర్మామీటర్ అడిగితే, “ఊరికూరికే బీరువా తెరిస్తే చల్లదనం పోతుంది, చెయ్యి పెట్టి చూసుకో” అన్నాడు. సరేలే అని నోరు మూసుకున్నాను.

ఈ పొద్దు సాయంత్రం స్నేహితుల ముందర గొప్పగా పెట్టె తెరిచినాడు. మా ధర్మపురి ఉక్కకు పొగాకులో ఉండే పురుగు గుడ్లు పగిలి పిల్లలయినాయి. ప్రతి చుట్టకూ సూదితో పొడిచినట్లు బొక్కలు. పురుగులు ఆయన తెల్లపంచె మీదికి పాకినాయి.

“ఏమే, లోపల అంత వేడి ఉన్నిందా?” అని అరిచినాడు.

“చెయ్యి పెట్టి చూసుకోండి” అన్నాను.

తప్పంటారా? అనండి, వింటాను. థర్మామీటర్ మాత్రం ఇప్పుడు నా దిండు కింద ఉంది. ఆయనకు జ్వరమొస్తే, చేతులు రెండున్నాయి కదా.