చీటీలు రాసింది కొమురయ్యే

మా మరిది కొమురయ్య పోయిన మంగళవారం పొద్దుగాల గోదావరిఖని దవాఖానల చచ్చిపోయిండు. లైబ్రరీ ముందట "కథామూర్తి దివంగతులైరి" అని బోర్డు పెట్టిండ్రు. అది చదివితే నాకు ఒళ్లు మండింది. అయినా ఫోన్ల కబురు విన్నప్పుడు మాత్రం వేసుకున్న చెప్పులతోనే వాకిట్ల కూలబడ్డ. ఆయన దగ్గరికే బయలెల్లిన. సగం మాట మీద విడిచిపెట్టి పోతడనుకోలే.

ఇంటికి పెద్దదాన్ని గనుక లైబ్రరీవాళ్లు సంస్మరణ సంచికకు నాలుగు మంచి మాటలు రాయమన్నరు. నేను చదివింది మూడో తరగతి. మంచివి ఎన్ని దొరుకుతయో చూస్త.

కొమురయ్య బొగ్గు బాయిల పనిచేసిండు. డ్యూటీ దిగంగనే లైబ్రరీల కూసునేటోడు. రష్యావి, జపాన్‌వి, ఇంకేయో సముద్రాల అవతలి కథలు తెలుగుల చదివి చాయ్ హోటల్ ముందట చెప్పేటోడు. జనం వచ్చిన ఆటోలు వదిలిపెట్టి వినేటోళ్లు.

"ఏ దేశం కథన్న తియ్యి వదినె, ఉండేటివి మూడే. రాత, యాది, ఇంట్ల లడాయి," అనేటోడు.

"ఉల్లిగడ్డలు తెమ్మంటే దేశాలు మోసుకొచ్చినవా?" అని కసిరేదాన్ని. నవ్వేటోడు. ఆ నవ్వు నాకు పడేది కాదు.

అన్ని దేశాలు తిరిగి ఆఖరుకు మా ఇంటి కథ చెప్పేటోడు. మా మామ బొగ్గు బాయి పని చాతగాక దిగిపోతే ఆ నౌకరి ఇద్దరు కొడుకులల్ల ఒక్కరికే వస్తది. పెద్దోడైన మా ఇంటాయనకే ఇయ్యాలెనని లడాయి చేసింది నేనే. లడాయి తెగక మా అత్త చీటీలు వెయ్యమన్నది. కొమురయ్య రెండు చీటీలు రాసిండు. అత్త కండ్లు మూసుకొని ఒకటి తీసింది. అండ్ల కొమురయ్య పేరున్నది. "తీసింది మా అమ్మ చెయ్యి కాదు, రాత," అని ఆయన చెప్తుంటే హోటల్ కాడ ముసలోళ్లు కండ్లు తుడుచుకునేటోళ్లు.

ఇల్లు ఊడ్చింది నేను. రెండో చీటీ చాప కింద దొరికింది. కూడబలుక్కొని చదివిన. దాని మీద గూడ కొమురయ్యే! అత్తకు చూపిస్తే, "నీకేం చదువొస్తదే?" అని గుంజుకొని పొయ్యిల వేసింది. మా ఇంటాయనకు చెప్పిన. "ఊకో, ఎవనికెట్ల రాసుంటే గట్ల," అన్నడు. బసంత్‌నగర్‌ల లారీలకు సిమెంటు బస్తాలెత్తుకుంటనే ముసలోడై, ఆఖరుకు కాలం చేసిండు. తమ్ముని మీద ఒక్క మాట పడనియ్యలే. నేను మాత్రం కొమురయ్య ఇంటికొస్తే అన్నం పెట్టిన గని, మారు వడ్డించలే.

ఆయన చచ్చే ముందు రోజు, సోమవారం, దవాఖానకు పోయి మొగం మీదనే అడిగిన. "ఇప్పుడన్న చెప్పు కొమురయ్యా. రెండింటి మీద నీ పేరే ఎందుకు రాసినవ్?"

"నువ్వు చదివినవా వదినె?"

"పేర్లు చదవొస్తయ్ నాకు."

"అన్ననే రాయమన్నడు. బాయిల చీకట్లకు దిగాలంటే అన్నకు భయం. నీకు తెలిస్తే ఇజ్జత్ పోతదని ఒట్టేయించుకున్నడు. నేను రాత మీదికి నెట్టిన."

"ఇది గూడ కథేనా?"

ఆ నవ్వే నవ్విండు. "అలసిపోయిన. రేపు రా వదినె, సాంతం చెప్త."

ఆ రేపు పొద్దుగాల్నే పోయిండు.

అబద్ధమైతే, చచ్చేముందు గూడ తన తప్పు అన్న నెత్తిన పెట్టిన మనిషి. నిజమైతే, నా మొగడు బాయికన్న నాకే ఎక్కువ భయపడ్డట్టు. మా ఇంటాయన కరెంటు పోతే ఇంట్ల నిలవడేటోడు కాదు. గాలాడుత లేదని వాకిట్ల కూసునేటోడు. ఇన్నేండ్లు నాకది ఉక్కపోతనే అనిపించింది.

కథ చెప్పుడు ఆయన లెక్క ఇంకెవరికి రాదు. అది నేను గూడ ఒప్పుకుంట. మీరు దండలెయ్యండి. నేను ఫోటో ముందట నిలవడి దండం పెట్టాల్నా, తిట్టాల్నా తెలువక చూస్తున్న. తిట్టినా సరే, "ఏంది వదినె" అని పలికేటోడు ఇగ లేడు.