కరక చెట్టు కోసం రెండు అడవులు

వెళ్లింది ఇద్దరం: నేను, కరీం. వెంట ఉన్నవి నలభై మీటర్ల తాడు, నాలుగు మేకులు, నోట్‌బుక్, ఆరు చపాతీలు. నేను ఆటోనగర్‌లో మెషిన్ డ్రాయింగులు గీస్తాను. కరీం వాళ్లకు వన్‌టౌన్‌లో మూలికల కొట్టు ఉంది. వాళ్ల నాన్న చూర్ణంలో కొండ కరక్కాయ తప్ప మరొకటి వేయరు. రెండేళ్లుగా ఆ కాయ రావడం లేదు. ఈ చలికాలం కూడా దొరక్కపోతే కొట్టు మూసేస్తానన్నారు.

శనివారం ఉదయం ఎనిమిదికి పద్మనాభం దాటాక బస్సు దిగి, గుట్ట కింద అడవిలోకి వెళ్లాం. మేకులకు తాడు చుట్టి పది మీటర్ల చదరపు గడి కట్టి, లోపలి చెట్లన్నీ రాశాను: మోదుగ, రేల, పాల, బిల్లుడు, వెలగ... మొత్తం పదిహేడు రకాలు. కరక లేదు.

"కింద ముళ్లడివిలోనే ఇన్నుంటే కొండమీదెన్నుంటాయో బావా!" అన్నాడు కరీం.

ఆదివారం ఉదయం ఆరూ ముప్పావుకి కొండల మీదికెళ్లే కిరండూల్ రైలెక్కాం. ఎదుటి సీట్లో ఆనందపురం రైతు మా తాడు చూశాడు.

"ఏటి బాబూ, గేదెను తోలుకురాడానికెల్తన్నారా?"

"చెట్లు లెక్కపెట్టడానికండి."

"ఆదివారం పనేటీ నేదా మీకు?"

సొరంగాలు దాటేకొద్దీ కిటికీ నిండా పచ్చదనమే. శిమిలిగూడలో దిగి గంట నడిచి, గడి కట్టాను. మళ్లీ వేరేచోట కట్టాను. మూడోచోటా కట్టాను. చెట్లన్నీ సిల్వర్ ఓక్, ఒకే వరసలో, ఒకే ఎత్తు. కింద కాఫీ, మానులకు మిరియం తీగ. మొత్తం మూడు రకాలు. నా లెక్క మీద నాకే నమ్మకం కలగలేదు.

కాఫీ పళ్లు కోస్తున్న పెద్దావిడని కరీం అడిగాడు: "కరక సెట్లేవమ్మా?"

"కొట్టీసినాం. గుబురు సెట్టుకి మిరియం తీగ సరిగ్గా ఎక్కదు బాబూ. నిటారు మానైతే జరజరా ఎక్కీద్ది. పట్నవోళ్లు మిరియాలే అడుగుతన్నారు గదా!"

కరీం అక్కడే కూర్చుండిపోయాడు. "రెండేళ్ల నుంచి మా కొట్లో ఇయ్యే అమ్ముతన్నాం బావా. కొండ మిరియాలని బోర్డు నానే రాసినాను."

ఆవిడ పెరట్లో ఒక్క కరక చెట్టు మిగిలింది. మనవల దగ్గుకి ఉంచుకుందట. దాని కాయలు అమ్మమని కరీం రెండుసార్లు అడిగాడు. ఇవ్వనంది.

సాయంత్రం రైల్లో తిరిగొచ్చాం. అటు వెళ్లేవాళ్లు కిటికీలోంచి చూసి అడవి అనుకోకండి, దిగి చూడండి. దారిలో కరీం వాళ్ల నాన్న ఫోన్ చేశారు. కరీం ఫోన్ నాకిచ్చాడు.

"బస్తా అయినా దొరికిందా బాబూ?"

నోట్‌బుక్ చూసి చెప్పాను. "ఒకటే చెట్టు చాచా, అదీ అమ్మరట. కాయలు నలభై ఒకటి."