చిన్నాయన నడుము నొప్పి

నా చిన్నప్పుడు కరీంనగర్ రోడ్డు ఇప్పుడున్నంత వెడల్పుగా ఉండేది కాదు. ఎదురుగా లారీ వచ్చిందంటే మోటారు సైకిలు పక్కనున్న మట్టిలోకి దిగాల్సిందే. రేగిన దుమ్ము అణిగేదాకా కళ్లు మూసుకుని ఆగి, మళ్లీ తారు మీదికి ఎక్కాల్సిందే. శామీర్‌పేటలో ఆ రోడ్డు పక్కనే మా ఇల్లు. ఇంటి ముందు నిలబడి ఉత్తరం వైపు చూస్తే ఆ రోడ్డు ఎక్కడికి పోతుందో నాకు బాగా తెలుసు. అది మా అమ్మ దగ్గరికి పోతుంది.

అమ్మ కాన్పుకని కరీంనగర్ అవతలున్న పుట్టింటికి వెళ్లి నెలలు గడిచాయి. ఒంట్లో బాగా లేదని ముందే తీసుకుపోయారు. బడి పోతుందని నన్ను అవ్వ దగ్గర ఉంచారు. బాపు లారీ తీసుకుని వెళ్తే ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. కొన్నాళ్లకు తమ్ముడు పుట్టాడని కబురొచ్చింది. అమ్మ ఎట్లా ఉందని అడిగితే కబురు తెచ్చినాయన, బాగానే ఉంది, కొద్దిగా నీరసం అన్నాడు. అంటూ నా వైపు చూడలేదు. ఆ ‘కొద్దిగా’ అన్న మాట నన్ను నిద్రపోనివ్వలేదు. తమ్ముడి సంగతి నాకు పట్టలేదు. అమ్మను నా కళ్లతో చూసుకోవాలి, అంతే.

బిడ్డ పుట్టాక చేసే పురుటి వేడుకకు మా ఇంటి తరఫున చిన్నాయన వెళ్లాలని తేల్చారు. ఆయన బాపుకు తమ్ముడు. బోరు మోటర్లు బిగించే పని మీద ఎంత దూరమైనా మోటారు సైకిలు మీదే తిరిగేవాడు. నన్నూ తీసుకుపొమ్మని అన్నం మానేసి కూర్చున్నాను. అంత దూరం పిల్లవాడు కూర్చోలేడని అవ్వ, కూర్చునేట్టు నేను చేస్తానని చిన్నాయన. చివరికి అవ్వ దిగివచ్చింది గానీ నాకొక మాట చెప్పింది.

“తొవ్వల ఏడ్సినవంటే సిద్దిపేటల బస్సెక్కిచ్చి ఎనకకు పంపుతడు. యాదుంచుకో.”

నన్ను భయపెట్టడానికి ఊరికే అన్న మాట అది. నేను మాత్రం దాన్ని రాతిమీద రాసుకున్నట్టు మనసులో పెట్టుకున్నాను.

బయలుదేరే ముందు సాయంత్రం చిన్నాయన బండిని స్టాండు మీద నిలబెట్టి, నన్ను వెనక ఎక్కించి, ఊరికే అట్లా కూర్చోమన్నాడు. తాను పక్కన కూర్చుని చూస్తున్నాడు. కదలని బండి మీద బిగుసుకుని కూర్చున్న నన్ను చూసి పక్కింటి అక్క, వంటిమామిడి అన్నా దాటిన్రా అని అడిగి నవ్వింది. కాసేపటికే నా పాదాలు తిమ్మిరెక్కాయి. అవి ఫుట్‌రెస్టులకు అందకుండా వేలాడుతున్నాయి. చిన్నాయనకు కావలసింది అదే. రెండు చెక్కముక్కలకు గోనెపట్టా చుట్టి, ఫుట్‌రెస్టుల మీద గట్టిగా కట్టాడు. నా కాళ్లకు ఆసరా దొరికింది.

సీటు మీద వేయమని అవ్వ ఒక దూది దిండు తెచ్చింది. ఆయన వద్దన్నాడు. మెత్తటిది కాసేపటికే అణిగిపోయి గడ్డలు కడుతుందట, అప్పుడు ఉత్త సీటే నయమనిపిస్తుందట. గొంగడిని పలచగా మడిచి వేసి, దాని ఉన్ని గుచ్చుకోకుండా పైన అవ్వ పాత చీర చుట్టాడు. మెడకు తడి తువ్వాల చుట్టుకోవాలన్నాడు. పొద్దున కడుపు నిండా తినొద్దు, కొంచెం సల్ల తాగితే చాలన్నాడు. ఆ మాటతో అవ్వకు కోపం వచ్చింది.

“ఉపాసం పెట్టి తీస్కపోతవారా పోరన్ని?”

“నిండు కడ్పుతోని గుంతలల్ల ఎగిరినంక, నా ఈపు నువ్వొచ్చి కడుగుతవా?”

అన్నిటికీ నేను తలూపాను, ఒక్కదానికి తప్ప. ఆయన నన్ను పాత పైజామా వేసుకోమన్నాడు, అదీ తిరగేసి, కుట్లు బయటికి ఉండేట్టు. పురుటి కోసం అవ్వ నాకు కొత్త నిక్కరు కుట్టించింది. ఏళ్ల తరబడి నిలవాలని మందపాటి గుడ్డ తీసుకుని, మేడ్చల్ దర్జీతో కుట్టు మీద కుట్టు వేయించింది. దాన్ని సంచిలో పెట్టుకుందాం, ఊరి పొలిమేరలో మార్చుకుందువు అన్నాడు చిన్నాయన. నాకు నమ్మకం కుదరలేదు. తొందరలో మరిచిపోతే? అమ్మ నన్ను చూసే మొదటి చూపుకు నేను తిరగేసిన పైజామాలో ఉండాలా? తెల్లవారుజామున ఎవరూ చూడకుండా కొత్త నిక్కరు తొడుక్కుని, దాని మీద పైజామా వేసుకున్నాను.

వంటిమామిడి దాటేసరికి ఆ కుట్టు తొడల లోపలి వైపు కొరకడం మొదలుపెట్టింది. గుంత వచ్చినప్పుడల్లా ప్రాణం పోయినట్టయ్యేది. ఎట్లుందిరా అని చిన్నాయన అడిగాడు. మంచిగుంది అన్నాను. మళ్లీ అడిగాడు. మళ్లీ మంచిగుంది అన్నాను. గాలికి కళ్లలో నీళ్లొస్తాయి కాబట్టి ఏడ్చినా ఎవరికీ తెలియదని ఆ రోజే తెలుసుకున్నాను.

ప్రజ్ఞాపూర్‌లో ఒక చాయ్ హోటల్ ముందు ఆయన బండి ఆపాడు. దిగి, నడుము మీద రెండు చేతులూ పెట్టుకుని మూలిగాడు.

“నడుం పట్టిందిరా బిడ్డా. జరంత నడుద్దాం పా.”

నేను దిగి అటూ ఇటూ నడుస్తుంటే మంట తగ్గింది. హోటల్ ఆయన చిన్నాయనకు తెలిసినవాడే. పెండ్లి గాకముందే గిట్లయితే నీకు పిల్లనెవలిస్తరే అన్నాడు. గందుకే ఇస్తలేరు గదనే అని చిన్నాయన ఇంకో మూలుగు మూలిగాడు. అక్కడున్న వాళ్లంతా నవ్వారు. నాకు సిగ్గేసింది. మా చిన్నాయన ఇంత బలహీనుడా అనుకున్నాను.

కుకునూర్‌పల్లిలో మళ్లీ ఆపాడు. దుద్దెడ దగ్గర మళ్లీ. ఇక నా వల్ల కాదు అనుకునే సమయానికి సరిగ్గా ఆయన నడుము పట్టేసేది. అది నా అదృష్టం అనుకున్నాను గానీ ఆలోచించలేదు. ఆలోచించకపోగా లోపల్లోపల కోపం తెచ్చుకున్నాను. ఇట్లా ఆగుకుంటూ పోతే అమ్మ దగ్గరికి ఎప్పుడు చేరతాం? ఈయన నడుము మూలంగా పొద్దుగూకుతుంది కదా అని ఆయన వీపు వెనకే కూర్చుని ఆయన్ని తిట్టుకున్నాను.

సిద్దిపేటలో బస్టాండు ముందు బండి నెమ్మదించింది. హైదరాబాదు వైపు పోయే బస్సొకటి నిండుగా నిలబడి ఉంది. నేను చిన్నాయన చొక్కాను రెండు పిడికిళ్లతో పట్టుకున్నాను. బస్టాండు వెనకబడేదాకా ఊపిరి తీసుకోలేదు.

ఊరు దాటాక రోడ్డు పక్క పొలంలో బావి మోటరు తొట్టిలోకి నీళ్లు పోస్తోంది. అక్కడ ఆపాడు. ఈసారి నేను కాలెత్తి దిగలేకపోయాను. ఆయనే చంకల కింద చేతులు వేసి దించాడు. పైజామా మీద తొడ దగ్గర నెత్తురు మరక ఆయనకు కనిపించింది. విప్పి చూసి, లోపలి కొత్త నిక్కరు చూసి, నా ముఖం వైపు చూశాడు.

“నన్ను బస్సెక్కియ్యకు చిన్నాయినా. నేనేడుస్తలేను.” ఆ మాట అంటూనే ఏడ్చేశాను.

“బస్సని ఎవలన్నరు?”

“అవ్వ.”

ఆయన తొట్టి అంచు మీద కూర్చుండిపోయాడు. తిడతాడనుకున్నాను. తిడితే తేలికగా ఉండేదేమో.

“మీ అమ్మను సూపిస్త అన్న. బండి మీద తీస్కపోతనో, బుజం మీద ఏస్కపోతనో, గది నా పని. నొస్తాందని జెప్పుడు నీ పని. గంతే.”

పుండ్లు కడిగాడు. సంచిలోంచి చిన్న సీసా తీసి కొబ్బరినూనె రాశాడు. రాస్తూ, నీ తమ్మునికి గిప్పుడు కొత్త బట్టలేస్తున్నరా పాత బట్టలా అని అడిగాడు. పసిపిల్లలకు పురుడయ్యేదాకా పాత చీర ముక్కలే చుట్టడం మా వాడకట్టులో నేను చూసినదే. పాతవి అన్నాను. ఎందుకో ఆయన చెప్పలేదు. సీటు మీదున్న అవ్వ చీర విప్పి, అంచు చించి, నా తొడలకు వదులుగా చుట్టాడు. ఎన్నో ఉతుకులకు అరిగిన ఆ నూలు గుడ్డ తగిలీ తగలనట్టు ఉంది. దాని మీద పైజామా తిరగేసి తొడిగాడు. నిక్కరు ఉతికి హ్యాండిల్‌కు కట్టాడు.

మళ్లీ ఎక్కబోతూ, నీ నడుం ఇంకా నొస్తాందా అని అడిగాను. ఆయన కిక్కు కొడుతూ మామూలుగా అన్నాడు.

“నాకేం గాలె. నువ్వు జెప్తలేవని నేను జెప్పిన.”

మేం చేరేసరికి దీపాలు పెడుతున్నారు. పురుడు ముగిసింది, భోజనాలయ్యాయి, చుట్టాలు చాలామంది వెళ్లిపోయారు. వాకిట్లోనే మా మేనమామ ముఖం ముడుచుకుని, గిదేనా అచ్చే యాల్ల అన్నాడు. పెద్దవాళ్లు కూడా తలా ఒక మాట అన్నారు. చిన్నాయన చేతులు జోడించి, తొవ్వ పొడుగునా నడుం పట్టింది, తప్పు నాదే అన్నాడు. నా పేరు ఎత్తలేదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఆ ఇంట్లో ఆయన నడుము మీద పరాచికాలు నడిచాయి. ఆయన పెళ్లి పందిట్లో కూడా మా మేనమామ, పెండ్లికొడుకును పీటల మీద ఎక్కువసేపు కూసోవెట్టకున్రి అన్నాడు. ఆయన అందరితో పాటు నవ్వాడే గానీ జరిగింది ఇదీ అని ఒక్కరికీ చెప్పలేదు.

అమ్మ లోపల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చెంపలు పీక్కుపోయాయి. పడుకోమని ఎంత చెప్పినా వినకుండా గడప వైపే చూస్తూ కూర్చుందట. నన్ను దగ్గరికి తీసుకుని, పైజామా కుట్లు తడిమి, ఇదేందిరా తిరగేసుకున్నవని నవ్వింది. నీరసమైన నవ్వే, కానీ అమ్మదే. నాకు అది చాలు. ఆమె కాళ్ల దగ్గర అట్లాగే నిద్రపోయాను.

ఆ రోజు నేను పాఠం నేర్చుకున్నానని చాలా ఏళ్లు అనుకున్నాను. నిజానికి బండి సర్దడం నేర్చుకున్నాను, అంతే. ఉద్యోగంలో చేరి, నాగారంలో ఇల్లు కట్టుకుని, సొంత బండి కొన్నాక, దూరప్రయాణం పెట్టుకున్న వాళ్లు నన్ను సలహా అడిగేవాళ్లు. విజయవాడ బయలుదేరే పక్కింటి కోస్తా కుర్రాళ్లకు కూడా వదులైన పాత నూలు బట్టలు, తేలిక తిండి, తడి తువ్వాల అంటూ పెద్దరికంగా చెప్పేవాణ్ణి. చిన్నాయన చేసినదాంట్లో అసలుది మాత్రం నాకు అబ్బలేదు.

నా భార్య పుట్టిల్లు కామారెడ్డి. మేడ్చల్ మీదుగా ఆ రోడ్డున ఆమెను వెనక కూర్చోబెట్టుకుని ఎన్నిసార్లు పోయానో. ఎక్కడా ఆగకుండా పోవడం నాకు గొప్ప. తల తిప్పకుండానే, మంచిగనే ఉన్నదా అని అడిగేవాణ్ణి. అవునని తప్ప ఇంకో జవాబుకు చోటు లేని గొంతు అది. ఆమె ఆఁ అనేది. చేరగానే ఎంత తొందరగా వచ్చామో నేను మామగారికి చెప్పుకుంటుంటే, ఆమె గేటు పట్టుకుని కాసేపు అక్కడే నిలబడేది. చీర సర్దుకుంటోంది అనుకునేవాణ్ణి. ఒకసారి మెల్లగా, నేను బస్సుల వస్త, మీరు బండి మీద రాండ్రి అంది. నాకు మనసు కష్టపెట్టుకోవడం తెలిసింది గానీ, ఎందుకని అడగడం తెలియలేదు.

తర్వాతి రోజుల్లో ఆమెకు పట్టుకున్న నడుము నొప్పికి నా బండి ఒక్కటే కారణం అని డాక్టరు అనలేదు. కాదనీ అనలేదు. చిన్నాయన పోయి చాలా కాలమైంది. ఉంటే మాత్రం ఏం చెప్పుకోను? ఆయన వెనక కూర్చున్నప్పుడు నాకు దొరికినది, నా వెనక కూర్చున్న మనిషికి నేను ఇవ్వలేదు.

ఇప్పుడు దూరాలు పోయే ఓపిక నాకూ లేదు. శామీర్‌పేటలో తమ్ముడి ఇంటికి పోయి రావడమే మా ఇద్దరికీ పెద్ద ప్రయాణం. జవహర్‌నగర్ దగ్గర చెత్త లారీల వెనక ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఆమె, కళ్లు చికిలించుకుని నేను. ఎట్లుందని ఇప్పుడు అడగను. తూముకుంట దాటాక నీడ కనిపించిన చోట పక్కకు తీసి ఆపేస్తాను.

“ఎందుకాపిన్రు? నాకేం గాలె,” అంటుంది.

ఇంజను బంద్ చేస్తాను. ఆమె దిగుతుంది. ఒక చేయి సీటు మీద ఆనించి, వంగిన నడుము మెల్లమెల్లగా నిటారుగా అయ్యేదాకా అక్కడే నిలబడుతుంది. ఆ సేపంతా నేను రోడ్డు వైపు తిరిగి, వచ్చే పోయే బండ్లను చూస్తూ ఉంటాను.