చెలమలో ఊరిన నాలుగు నిమిషాలు

మా పాటలో చివరి నాలుగు నిమిషాలను బ్లేడుతో కోసేశారు. మమ్మల్ని అడగలేదు. మాకు చెప్పలేదు. ఆ నాలుగు నిమిషాలూ వాయించినవాడు చనిపోయి అప్పటికి నెల కూడా కాలేదు.

ముందుగా ఈ మాట రాసేస్తున్నాను. ఎందుకంటే ఎవరికి చెప్పబోయినా "ఏ సినిమాలోది?" అని అడుగుతారు. సినిమా పాట కాదనగానే మొహం అటు తిప్పుకుంటారు. ఆ తర్వాత నేను చెప్పేది గోడకు చెప్పినట్టే. కాగితం మొహం తిప్పుకోదు కదా, అందుకని రాస్తున్నాను.

నేను అయిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. తిరుపతిలో రేడియోలు బాగుచేసే అంగడి పెట్టుకున్నాను. రేడియో పనీ, సంగీతమూ, ఇంగ్లీషూ నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పాత సామాన్లు విప్పి పని నేర్చుకున్నాను, మునిసిపాలిటీ రీడింగు రూములో డిక్షనరీ పక్కన పెట్టుకొని ఇంగ్లీషు నేర్చుకున్నాను. సాయంత్రాలు ఒక ఆర్కెస్ట్రాలో ఆర్గను వాయించేవాణ్ణి. ఆ ఆర్గను కూడా నేను విడిభాగాలు తెచ్చి కూర్చుకున్నదే. పెళ్ళిళ్ళలో సినిమా పాటలు వాయించే ఆర్కెస్ట్రా మాది.

అందులో గిటారు వాయించే అతనిది పాకాల. జంక్షను దగ్గర గూడ్సు షెడ్డులో బస్తాలకు చీటీలు రాసే పని చేసేవాడు. చర్చిలో గిటారు పట్టడం నేర్చుకున్నాడు. తల్లి ఒక్కతే ఉండేది. ఊరి పేరుతోనే మేమంతా అతన్ని "పాకాల" అని పిలిచేవాళ్ళం. నాకంటే పదేళ్ళు చిన్నవాడు, నన్ను అన్నా అనేవాడు.

డెబ్బైల చివర్లో ఒక లెక్చరరు గారు రికార్డు ప్లేయరు బాగుచేయమని తెచ్చి, దాని మీద ఉన్న రికార్డు తీసుకోవడం మరిచిపోయారు. విదేశీ రికార్డు. కవరు లేదు, నడిమి లేబులు నీళ్ళకు నాని ఊడిపోయింది. ఎవరు వాయించారో, ఏ దేశమో ఈనాటికీ నాకు తెలియదు. పాకాల, నేను కలిసి పెట్టి చూశాం. మొదట వాన చినుకులు. తర్వాత సన్నగా ఆర్గను, దాని మీద గిటారు, వెనక గుంపుగా వయొలిన్లు. ఉన్నట్టుండి డ్రమ్ములు విరుచుకుపడ్డాయి. అంతా అణిగాక ఒక్క పిట్ట కూసింది. ఒక పక్కంతా ఒకటే పాట. మాటలు లేవు.

"ఏందన్నా ఇది, పల్లవే లేదే! సరణం యాడ మొదలైనాదో వాయించినోనికన్నా తెలుసునా?" అన్నాడు పాకాల.

"స్పీడు తప్పినట్టుండాది, ఉండప్పా," అని నేను ప్లేయరు మళ్ళీ విప్పి చూశాను. స్పీడు సరిగ్గానే ఉంది.

మూడోసారి విన్నాక అతను ముల్లు ఎత్తి రికార్డు ఆపాడు. తర్వాత అన్నాడు: "అన్నా, వీళ్ళు అడివిని వాయించినారన్నా. మనకు ఏరుండాది గదా."

"ఏ ఏరు?"

"స్వర్ణముఖి."

"దాంట్లో నీళ్ళు యాడుండాయిరా?"

"అదే గదన్నా, మనం వాయించాల్సింది!"

అట్లాంటి సంగీతాన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారనీ, సింఫనీ మాదిరి పొడుగ్గా కట్టినదైతే దానికి ఇంకో విశేషణం తగిలిస్తారనీ చాలా ఏళ్ళ తర్వాత ఒక ఇంగ్లీషు పత్రికలో చదివాను. ఆనాడు మాకు పేరు అక్కరలేదు. లెక్చరరు గారు వారం తర్వాత వచ్చి రికార్డు పట్టుకుపోయారు. మాకు ఏరు మిగిలింది.

మూడేళ్ళు కట్టాం ఆ పాటను. నాలుగు భాగాలు. కొండల్లో ఊట పుట్టడం ఒకటి, వాన ఒకటి, ఇసుకను దొర్లించుకుంటూ వరద రావడం ఒకటి. వరదకు మా డ్రమ్ములు చాలక మృదంగం కూడా పెట్టుకున్నాం. సంగీతం కాలేజీలో చదివే ఇద్దరిని వయొలిన్లకు బతిమాలి తెచ్చుకున్నాం. వాళ్ళు ముందు నవ్వారు, తర్వాత వాళ్ళే ఆదివారం మానకుండా వచ్చారు. ఒకసారి చంద్రగిరిలో ఒక పెళ్ళిలో, జనం భోజనాలకు లేచారు కదా అని మొదటి భాగం మెల్లగా ఎత్తుకున్నాం. పెళ్ళికూతురి మేనమామ చెయ్యి కడుక్కుంటూ స్టేజీ దగ్గరికి వచ్చి, "ఏమప్పా, మైకు టెస్టింగు అయిపాయనా? ఇంక పాట ఎత్తుకోండి!" అన్నాడు. పాకాల ఆ మాట చెప్పుకొని నెల రోజులు నవ్వాడు.

నాలుగో భాగం పూర్తిగా అతనిదే. ఎండాకాలం ఏరు ఎండిపోయాక ఇసుకలో చెలమ తవ్వుతారు. చెయ్యి లోతు గుంట. అందులోకి నీళ్ళు పక్కల నుంచి ఊరుతాయి. ఒకసారి ముంచుకుంటే మళ్ళీ ఊరేదాకా కూర్చోవాలి. పాకాల గిటారు తీసుకొని తిరుచానూరు పక్క ఏట్లోకి దిగి, చెలమల దగ్గర ఆడవాళ్ళు కడవలు నింపుకుంటుంటే చూస్తూ కూర్చునేవాడు. ఒక తీగె మీటి వదిలేవాడు. అది ఆరిపోయాక కూడా ఆగేవాడు. ఆగి, ఇంకొకటి మీటేవాడు. నాలుగు నిమిషాల్లో అతను మీటినవి అన్నీ కలిపి పాతిక ఉంటాయేమో. మిగతాదంతా ఊరడమే. ఆ భాగంలో మేమెవరమూ చెయ్యి పెట్టలేదు. మొదటి మూడు భాగాల్లో అతని గిటారు మా అందరి మోతలో కలిసిపోయి ఉంటుంది. అతను ఒక్కడూ వినిపించేది చివర్లోనే.

రికార్డింగు చిత్తూరులో చేశాం. పెళ్ళి నాదస్వరాలు, భజన పాటలు రికార్డు చేసి క్యాసెట్లు వేసే ఒకాయన గది అది. ఆయన మంచివాడు కాదని నేను అనను. శుభ్రమైన పనివాడు. టేపు మీద ఎక్కడ దగ్గు పడినా, ఎక్కడ ఖాళీ ఉన్నా బ్లేడుతో కోసి అతికించేవాడు. క్యాసెట్టులో ఖాళీ ఉండకూడదన్నది ఆయన నియమం. మా పాటకు నేను మద్రాసు పోయి, పాట పట్టే పూతకు వెనక వైపు, అంటే వీపు, నల్లగా ఉండే మంచి రకం టేపు స్పూలు కొనుక్కొచ్చాను.

నాలుగో భాగం వాయిస్తుండగా ఆయన మిషను ఆపబోయాడు. నేను చెయ్యి పట్టుకున్నాను.

"ఆగప్పా, ఇంకా వాయిస్తాండాడు."

"యాడ వాయిస్తాండాడన్నా? సేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్సోనుండాడు గదా!"

"అదీ వాయించేదే. నువ్వు ముట్టుకోవద్దు."

మొత్తం ముప్పై నాలుగు నిమిషాలు వచ్చింది. అరవై నిమిషాల క్యాసెట్టుకు ఒక్కో పక్క ముప్పై నిమిషాలే పడుతుంది కనుక, నాలుగో భాగాన్ని రెండో పక్క వేయమని ఆయనకు రెండుసార్లు చెప్పాను. "అట్లేలే అన్నా" అన్నాడు.

క్యాసెట్టు వచ్చేలోపల పాకాలకు పచ్చకామెర్లు వచ్చాయి. ఆకు పసరు తాగించారు, తర్వాత ఆసుపత్రికి తీసుకుపోయారు. నేను చూడటానికి వెళ్ళినప్పుడు కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. "క్యాసెట్టు వచ్చినాదా అన్నా?" అని అడిగాడు. రాలేదన్నాను. "వస్తే మాయమ్మకు ముందు వినిపించు. నేను ఊరికే తీగెలు లాగుతా పొద్దు పోగొట్టుకొంటానని తిడతాంటాది," అన్నాడు. ఆ వారంలోనే పోయాడు.

క్యాసెట్టు వచ్చింది. అట్ట మీద మా ఏటి బొమ్మ వేయమంటే ఎక్కడిదో జలపాతం బొమ్మ వేశారు. అది కూడా సహించాను. టేప్ రికార్డరు చంకన పెట్టుకొని పాకాల రైలెక్కి అతని తల్లి ఇంటికి వెళ్ళాను. ఆమె గోడకు ఆనుకొని కూర్చుంది. పాట నడుస్తోంది. ఊట అయిపోయింది, వాన అయిపోయింది, వరద వచ్చింది.

"దీంట్లో నా కొడుకు యాడుండాడప్పా?"

"వస్తాడుమ్మా. ఇప్పుడొస్తాడు, ఉండు."

వరద అణగగానే టక్కుమని మీట పైకి లేచింది. క్యాసెట్టు తిప్పి రెండో పక్క పెట్టాను. నాదస్వరం మొదలైంది. ఎవరి పెళ్ళిదో.

"రాలేదే?" అంది ఆమె.

నేను నాదస్వరం ఆపి, క్యాసెట్టు బయటికి తీశాను.

మరునాడే చిత్తూరుకు వెళ్ళాను. ఆయన బల్ల దగ్గర ఏదో భజన టేపు అతికించుకుంటున్నాడు.

"నాలుగో భాగం యాడప్పా?"

"ఆకర్లో ఏమీ లేదు గదన్నా. అంగట్లో కొన్నోళ్ళు టేపు తెగిందనుకొని ఎనక్కి తెచ్చిస్తారు. అందుకని ఎత్తేసినా."

"నీ ఊరు గూడా ఏటి పక్కదే గదా, నీవా నది పక్కది. ఎండాకాలం చెలమ తోడింది లేదా నువ్వు?"

"తోడకుండా ఎట్లన్నా?"

"తోడంగానే కడవ నిండినాదా?"

"లేదు."

"మళ్ళ?"

ఆయన చేతిలోని బ్లేడు బల్ల మీద పెట్టాడు. నా మొహం చూడలేదు. "ఆ ముక్క యాడనో ఉండాదిలే అన్నా. సూసి జాబు రాస్తా," అన్నాడు. అసలు స్పూలునే కోసేశాడు కనుక, ఆ ముక్క తప్ప పాకాల వాయించింది ఈ లోకంలో ఇంకెక్కడా లేదు.

జాబు రాలేదు. నేను రాశాను. ముందు మర్యాదగా రాశాను. తర్వాత కోపంగా రాశాను. తర్వాత రీడింగు రూములో చట్టం పుస్తకాలు తిరగేసి, వాటిలో మాటలు ఏరి రాశాను. రిజిస్టరు పోస్టులో పంపితే, అందినట్టు కార్డు తిరిగి వచ్చేది, దాని మీద గుండ్రంగా అందమైన సంతకం. సంతకం పెట్టే చెయ్యి రెండు ముక్కలు రాయలేదా అని ఆ కార్డులన్నీ అంగట్లో మేకుకు గుచ్చి పెట్టాను. ఆర్కెస్ట్రా వాళ్ళు, "పోనీలే అన్నా, నాలుగు నిమిషాలకు ఇంత రంపు ఎందుకు?" అనేవాళ్ళు. మనిషి పోతే నాలుగు నిమిషాలు మిగలడం ఎక్కువా తక్కువా? వాళ్ళతో మాట్లాడటం తగ్గించాను. కొన్నాళ్ళకు ఆర్గను కూడా అమ్మేశాను.

నెలకోసారి పాకాల వెళ్ళేవాణ్ణి. ఆమె నాకు మజ్జిగ ఇచ్చి, "జాబొచ్చినాదా అప్పా?" అని అడిగేది. నేను లేదనేవాణ్ణి. ఆరేళ్ళు అదే ప్రశ్న, అదే జవాబు. మాకు మాట్లాడుకోవడానికి ఇంకేమీ ఉండేది కాదు.

ఎనభైల చివర్లో ఒక రోజు చిత్తూరు ముద్రతో కవరు వచ్చింది. కార్డుల మీద చూసిన ఆ గుండ్రటి చేతిరాతే. కవరు కొంచెం ఉబ్బుగా ఉంది. అంగడి మూసి, రైలెక్కి, ఆమె ముందు కూర్చొని మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. ఒక్క అక్షరం మార్చకుండా ఇక్కడ దించుతున్నాను:

"అన్నగారికి నమస్కారాలు. మీ జాబులు అన్నీ అందినాయి. అన్నీ చదివి దాచిపెట్టినాను. ముక్క దొరకక నేను జవాబు రాయలేదనుకోవద్దు. అది యాడుండాదో నాకు మొదటి నుంచీ తెలుసు. మీరు వచ్చి అడిగిన రోజుకే అది మా సద్ద చేనులో ఉన్నింది. నేను కోసి పారేసే టేపంతా మా నాయన ఊరికి ఎత్తుకొని పోయేవాడు. చేనులో గుంజలు నాటి, టేపును మెలి తిప్పి లాగి కడితే గాలికి రొద పెడుతుంది, చిలకలు వాలవు. మా పక్క అందరూ చేసే పనే. మీరు చెలమ మాట అడిగి పోయినాక, ఆదివారం విప్పి తెద్దామని చేనికి పోయినాను. అప్పుడు సద్ద పాలు పోసుకొని ఉండాది. కోత అయ్యేదాకా ముట్టొద్దురా అన్నాడు మా నాయన. సరే అన్నాను. నేను చేసిన తప్పు అదే. గట్టున కూర్చొని కొంచెంసేపు విన్నాను. గాలి వస్తే మోగేది, నిలబడితే ఆగేది. కోతలోపల వాన పట్టుకొనింది. తడిసిపోయినదాన్ని మీకు ఎట్ల ఇవ్వాలో తెలియక ఒక ఏడు ఊరకుండిపోయినాను. ఆ తర్వాత రాయడానికి ముఖం చెల్లలేదు. మొన్న మా నాయన కాలం చేసినాడు. చేను చూడబోతే మూల గుంజకు మూరెడు ముక్క చుట్టుకొని ఉండాది. మీదేనని గుర్తుపట్టినాను, వీపు నల్లగా ఉండే టేపు నా దగ్గర ఇంకెవరిదీ లేదు. పూత చాలావరకు రాలిపోయింది. కవరులో పెట్టినాను. ఆ అబ్బాయి అమ్మగారికి ఇవ్వండి. దాంట్లో ఏమన్నా మిగిలుండాదో లేదో నాకు తెలియదు. మీరు మెకానిక్కు గదా, మీరే చూడండి."