తూనీగతో కూర్చున్న పిట్ట

కనబడిందల్లా టకటకా నొక్కేసి ఫోటో అనేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. గాజువాక లాంటి చోట, ఆటోల పొగలో, స్టీల్ ప్లాంటు దుమ్ములో ఒక పిట్టని సరిగ్గా తీయాలంటే ముందు ప్లాన్ ఉండాలి. ఎండ ఏ వేళకి ఏ గోడ దాటుతుందో, ఏ పిట్ట ఎక్కడ వాలుతుందో డైరీలో రాసుకునేవాణ్ణి. షిఫ్టు డ్యూటీలు చేసేవాడికి ఆ మాత్రం క్రమం దానంతటదే వస్తుంది.

ఆ వేసవిలో మా పక్క వాటాలో అద్దెకుండే ఆయన ఎదుటి స్థలంలో ఇల్లు కట్టించుకుంటున్నాడు. పోర్టులో పని, సొంతూరు ఆనందపురం అవతల. చుట్టరికం ఏమీ లేకపోయినా బావా అంటే బావా అని పిలుచుకునేవాళ్ళం. చాన్నాళ్ళుగా పడి ఉండి గట్టిపడిన ఇసుక కుప్పకి ఒక పక్కన పచ్చ పిట్టల జంట బొరియ తవ్వి గుడ్లు పెట్టింది. తూనీగల్నీ తేనెటీగల్నీ గాల్లోనే పట్టి తినే చిన్న పిట్టలవి. పిల్లలయ్యాయని తెలిసిన రోజే బావ పని ఆపించేశాడు.

"మేస్త్రి గోల పెడతన్నాడు గానీ, పిల్లలెగిరిపోయే దాకా ఇసక ముట్టుకోనివ్వను బావా. నాను డ్యూటీకెల్తే నువ్వే సూసుకోవాల," అన్నాడు.

చూసుకుంటానన్నాను.

నాక్కావలసింది ఒకే ఒక్క ఫోటో. ముక్కున తూనీగతో పిట్ట, వెనక పొద్దుటి ఎండ. కానీ ఆ పిట్ట రివ్వున వచ్చి సరాసరి బొరియలో దూరిపోయేది, క్షణం ఆగేది కాదు. నాలుగు రోజులు చూసి ఉపాయం కనిపెట్టాను. బొరియ పక్కన ఎండుపుల్ల గుచ్చి, నా నీలం జేబురుమాలు ఉండచుట్టి బొరియ నోట్లో కుక్కాను. దారి లేకపోతే పుల్ల మీద కూర్చుని తీరాలి కదా. కూర్చుంది. ముక్కున తూనీగ పెట్టుకుని, బొరియ వైపే చూస్తూ, నాకు కావలసినంతసేపు కూర్చుంది. లోపల పిల్లలు కిచకిచమంటూనే ఉన్నాయి. నాకు జాలి కలగలేదు. ఐదు నిమిషాలే కదా అనుకున్నాను.

రుమాలు తీసేద్దామని లేచానో లేదో, ప్రహరీ గోడ మీద ముంగిస ఒకటి మూడు పిల్లల్ని వెంటేసుకుని పోతూ కనబడింది. ఎన్నడూ లేనిది, ముందూ వెనకా చూడకుండా కెమెరా పట్టుకుని పరిగెత్తాను. రెండు సందులు తిరిగినా ఒక్క ఫోటో కూడా నిలకడగా రాలేదు. ఆ విసుగులో అటునుంచటే ఇంటికెళ్ళి, స్నానం చేసి, తినేసి, మధ్యాహ్నం డ్యూటీ బస్సెక్కేశాను.

మర్నాడు పొద్దున కంప్యూటర్లో చూసుకుంటే పిట్ట అద్భుతంగా వచ్చింది. కింది మూల మాత్రం ఏదో నీలంగా ఉంది. పెద్దది చేసి చూశాను. బొరియ నోట్లో నా రుమాలు, తీయడం మర్చేపోయాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, వెంటనే పరిగెత్తలేదు. ముందు ఆ మూల కత్తిరించి, ఫోటో సేవ్ చేసి, అప్పుడు లేచాను.

రుమాలు లాగాను. లోపల చప్పుడు లేదు. నేను నాలుగడుగులు వెనక్కి వేశానో లేదో పిట్ట దూసుకొచ్చి బొరియలోకి దూరింది. కాసేపటికి బయటికొచ్చి పుల్ల మీద వాలింది. తీసుకెళ్ళిన తూనీగ దాని ముక్కునే ఉంది. నా వేలు దానంతటదే కెమెరా నొక్కేసింది. ఏ ప్లానూ లేకుండా నేను తీసిన మంచి ఫోటో అదొక్కటే. ఎవరికీ చూపించలేదు.

బావకి పాము దూరిందని చెప్పాను. రెండ్రోజుల తర్వాత ఇటుకల సందులో ఒక జెర్రిపోతు కనబడింది. "పసికూనల్ని మింగీసినావు గదే!" అంటూ కర్రతో కొట్టి కొట్టి చంపాడు. ఎవరి జోలికీ రాని పాము అది. నేను పక్కనే నిలబడి చూశాను.

గృహప్రవేశానికి, నేను చూపించిన ఆ మొదటి ఫోటోని అడిగి మరీ ఇప్పించుకున్నాడు. ద్వారకా నగర్లో ఫ్రేము కట్టించి ఇచ్చాను. హాల్లో తగిలిస్తూ అడిగాడు.

"లోనికెల్లకుండా అలాగ కూకుందేటి బావా?"

"పిల్లల్ని ఊరిస్తోంది బావా, బయటికొచ్చి ఎగరమని."

బావ కళ్ళు చెమర్చాయి. ఇప్పటికీ ఇంటికి ఎవరొచ్చినా ఆ ఫోటో ముందు నిలబెట్టి ఆ మాటే చెబుతాడు. నేనక్కడుంటే నా వైపు తిరిగి, "అంతే గదేటి బావా?" అంటాడు.

"అంతే బావా," అంటాను.