నీరెండకు భయపడిన వారం

మా పెద్దవాడు పుట్టిన మూడో రోజుకే పచ్చబడ్డాడు. అప్పుడు నేను పురిటికి రేపల్లెలో పుట్టింట్లో ఉన్నాను. ఆసుపత్రి నర్సు వాడి ముక్కు మీద వేలితో నొక్కి చూసి, "పసికర్లమ్మా. చాలామంది పిల్లలకి వస్తాయి. పొద్దున్నే నీరెండలో పెట్టండి, తగ్గకపోతే వెంటనే చూపించండి" అని చెప్పి ఇంటికి పంపింది.

అమ్మ బడిలో టీచరు. ఆమెకి సెలవు దొరికింది రెండు రోజులే. పగలంతా నాకూ పిల్లాడికీ దిక్కు అమ్మమ్మే. ఆవిడకి రెండు కళ్ళలోనూ పొరలు. మనుషులు నీడల్లా కనపడేవారు. అయినా చేతులతో తడుముకుంటూ ఇల్లంతా చక్కబెట్టేది.

"పెరట్లో ఏడింటికల్లా ఎండ పడుతుంది. బట్టలిప్పి వాణ్ణి పది నిమిషాలు ఒళ్ళో పెట్టుకు కూర్చో" అంది.

నేను కూర్చోలేదు. దానికి కారణం ఒక ఆదివారం పేపరు.

పురిటికి రాకముందు, బాపట్లలో మా అద్దె ఇంట్లో, అందులో ఒక వ్యాసం చదివాను. ఎనభైల చివరి రోజులు. ఓజోను పొర అన్న మాట అప్పుడప్పుడే పేపర్లలో కనపడుతోంది. భూమికి చాలా ఎత్తున ఆ పొర ఉందనీ, ఎండలో చర్మాన్నీ కళ్ళనీ పాడుచేసే అతినీలలోహిత కిరణాలను అదే ఆపుతుందనీ, ఫ్రిజ్‌లలోనూ స్ప్రే డబ్బాల్లోనూ వాడే వాయువులు పైకి చేరి దాన్ని తినేస్తున్నాయనీ రాశారు. నేను బీయెస్సీ చదివాను. ఓజోను అంటే మూడు ఆక్సిజన్ పరమాణువులని పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అది నా నెత్తి మీదే ఉందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. ఆ ఓజోనునంతా కిందికి దించి నేల మీద పరిస్తే మందం మూడు మిల్లీమీటర్లట. నమ్మలేక స్కేలు తెచ్చి చూశాను. మూడు చిన్న గీతలు. మన వరిచేలూ, సూర్యలంక సముద్రమూ, నా కడుపులో తిరుగుతున్న బిడ్డా అన్నీ ఆ మూడు గీతల చాటునే ఉన్నాయి.

పేజీ తిప్పితే రెండో భాగం భూమి వేడెక్కడం గురించి. గాలిలోని బొగ్గుపులుసు వాయువు దుప్పటిలా భూమి వేడిని పట్టి ఉంచుతుందట. ఆ దుప్పటి బొత్తిగా లేకపోతే భూమి మంచుగడ్డ అయ్యేదట. ఇప్పుడు అదే దుప్పటి మందమైపోతోందట, సముద్రాలు పొంగుతాయట. అక్కడే ఆపేసి మావారి దగ్గరికి వెళ్ళాను.

"ఏవండీ, మన ఫ్రిజ్ అమ్మేద్దామండీ."

"ఏంటీ, ఇవాళ కూర పాడైందా?"

వ్యాసం చూపించాను. నిలబడే చదివి నవ్వారు. "మన ఫ్రిజ్ అమ్మేస్తే ఆకాశానికి కుట్లు పడతాయా? కొన్నవాడింట్లో మాత్రం అది ఉండదూ?"

ఆయన నవ్వుతో ఆయన భయం పోయిందేమో గాని నాది పోలేదు. అందుకే అమ్మమ్మ పెరట్లోకి వెళ్ళమన్నప్పుడు కాళ్ళు కదలలేదు. నాలుగు రోజుల పసిగుడ్డు. వాడి చర్మం తడి కాగితంలా ఉంది. గుడ్డ విప్పి దాన్ని ఆ ఎండకి ఎలా ఇవ్వను?

"అమ్మమ్మా, ఎండ ఇదివరకటి ఎండ కాదే. ఆకాశంలో ఒక పొర ఉంటుంది. దానికి చిల్లు పడింది."

"పొరకి చిల్లు పడితే మంచిదేగా! నా పొరలు తీయించుకోడానికి నేను నానా తంటాలూ పడుతున్నా."

"అది వేరే పొర. అది పోతే కళ్ళే పోతాయట."

"పొర ఉంటే కళ్ళు పోతాయి, పోయినా కళ్ళు పోతాయి. బానే చదివించాడే మీ నాన్న! కబుర్లు ఆపి పిల్లాణ్ణి ఎండలోకి తీసుకుపో."

తీసుకుపోయినట్టే వెళ్ళాను. పెరటి వసారాలో గోడ నీడన పది నిమిషాలు నిలబడి, లోపలికి వచ్చి, "పెట్టాను అమ్మమ్మా" అన్నాను. ఆవిడకి కనపడదు. మర్నాడూ అంతే చేశాను. అమ్మ బడి నుంచి వచ్చి అడిగితే అదే మాట చెప్పాను. దీపం వెలుగులో ఆమెకి రంగు తేడా తెలియలేదు. నాకు తెలుస్తూనే ఉంది. పచ్చదనం మొహం నుంచి పొట్టకి దిగింది. ఎండకి భయపడి ఎండ గురించే అబద్ధం ఆడుతున్నాను.

మూడో రోజు లోపలికి రాగానే అమ్మమ్మ పిల్లాణ్ణి అందుకుని, వాడి వీపుకి తన చెంప ఆనించింది.

"ఎండలో పెట్టిన పిల్లాడి ఒళ్ళు ఇంత చల్లగా ఉంటుందటే? ఏ ఎండ అది, అమావాస్య ఎండా?"

వాడి మీద గుడ్డ కప్పబోయాను.

"నాకు కళ్ళు కనపడవు. నువ్వు చూసి నిజం చెప్పు. ఎక్కడిదాకా వచ్చింది?"

గుడ్డ విప్పాను. "అరికాళ్ళ దాకా" అన్నాను. రాత్రి నుంచి వాడు పాలకి కూడా సరిగ్గా లేవడం లేదని అప్పుడు చెప్పాను. అమ్మమ్మ తిట్టలేదు. "మీ అమ్మకి కబురు పంపించు. తెనాలి వెళ్ళండి" అంది.

పాసింజరు రైల్లో అమ్మ నా పక్కన కూర్చుని కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది. జంపనిలో కూరగాయల గంపతో ఎక్కినావిడ నా ఒళ్ళోకి తొంగి చూసి, "ఏంటమ్మాయ్, పిల్లాడికి అప్పుడే పసుపు రాశావా?" అని నవ్వింది. నా మొహం చూశాక నాలిక కరుచుకుంది. "మా మనవడికీ ఇలాగే వచ్చిందిలే తల్లీ" అంటూ గంప పక్కకి జరిపి, నన్ను కాళ్ళు చాపుకోమంది.

తెనాలిలో పిల్లల డాక్టరమ్మ వాడి మడమ నుంచి రక్తం తీయించారు. కాగితం చూసి మొహం ముడుచుకున్నారు. "ఇన్నాళ్ళు ఏం చేస్తున్నారమ్మా?" అని గట్టిగా అరిచారు. వాడి కళ్ళకి దూది పెట్టి గుడ్డ కట్టి, నీలం ట్యూబులైట్ల కింద పడుకోబెట్టారు. ఇంజెక్షను లేదు, మందు లేదు. వట్టి వెలుగు.

సాయంత్రం రౌండ్స్‌కి వచ్చినప్పుడు ఆవిడకి అంతా చెప్పేశాను, పేపరు సంగతి, గోడ నీడ సంగతి. నవ్వుతారనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఆ చిల్లు ఎక్కడ పడిందని రాశారమ్మా?"

"దక్షిణ ధ్రువం పైనండి."

"మీది ఏ ఊరు?"

"రేపల్లెండి." నాకే సిగ్గేసింది.

"ఒంట్లోని పచ్చరంగుకి ఈ నీలం వెలుగు తగిలితే అది ఆకారం మార్చుకుంటుంది. అప్పుడు ఒంట్లోంచి తేలిగ్గా బయటికి పోతుంది. ఈ వెలుగు ఎండలోనూ ఉంటుంది."

"అయితే ఎండలో పెట్టి ఉంటే తగ్గేదాండీ?"

"చెప్పలేను. పెట్టినా ఇక్కడికి రావాల్సి వచ్చేదేమో. కాని పచ్చదనం పొట్టకి దిగడం చూసిన రోజే వచ్చుంటే నేను అరిచేదాన్ని కాదు."

రెండు రోజులు ఆ లైట్ల పక్కనే కూర్చున్నాను. ఎవరూ ముట్టుకోకుండా, కేవలం వెలుగు నా బిడ్డ చర్మం లోపలికి వెళ్ళి పని చేస్తోంది. అంత దూరం నుంచి వచ్చే ఎండలో చంపేదాన్ని ఆ పలచటి పొర పైనే ఆపేస్తోంది. ఇలా మేలు చేసేదాన్ని కిందికి వదులుతోంది. వచ్చిన వెచ్చదనాన్ని గాలి తెల్లారేదాకా కొంత దాచి ఉంచుతోంది. ఇంత లెక్కగా అమరిన దాని కింద నేను ఇరవై మూడేళ్ళు బట్టలారేసుకుంటూ తిరిగాను. చిల్లు దూరానే ఉంది, నిజమే. కాని ఏ ఇళ్ళలోంచో బయలుదేరిన వాయువు అంత దూరం చేరగలిగిందంటే, మా బాపట్ల వంటింటికీ ఆ ధ్రువానికీ మధ్య గోడ లేదన్నమాట. ఆశ్చర్యంతో పాటు భయమూ అలాగే ఉండిపోయింది.

మూడో రోజు డాక్టరమ్మ వాడి నుదురు నొక్కి వదిలారు. వేలి కింద చర్మం లేత గులాబీ రంగులో తేలింది.

ఇంటికి వచ్చిన మర్నాడు ఏడింటికి వాణ్ణి పెరట్లోకి నేనే తీసుకెళ్ళాను. సూర్యుడు ఇంకా తాటిచెట్ల మధ్యే ఉన్నాడు. ఏటవాలుగా వచ్చే ఎండ ఎక్కువ గాలినీ, ఎక్కువ ఓజోనునూ దాటుకుని రావాలి. అందుకే పొద్దుటి ఎండలో ఆ కిరణాలు తక్కువ. స్కేలు పట్టుకు కూర్చున్న రోజు నాకు ఈ సంగతి తట్టలేదు. దీనికి నీరెండ అని పేరు పెట్టినవాళ్ళకి ఓజోను పేరు తెలియదు. ఒంటికి తెలిసింది, అంతే.

"ఇవాళ నిజంగానే పెట్టావా?" లోపల్నుంచి అమ్మమ్మ కేకేసింది.

"నువ్వే వచ్చి చూడు."

ఆవిడ తడుముకుంటూ వచ్చి వాడి వీపు మీద చెయ్యి వేసి, అలాగే ఉంచింది. వాడు పిడికిళ్ళు విప్పి మళ్ళీ ముడిచాడు. పది నిమిషాలు కాగానే లోపలికి తెచ్చేశాను. పదకొండో నిమిషం ఉండలేకపోయాను. మర్నాడు మళ్ళీ తీసుకెళ్ళాను.